ఐరోపాలో ప్రసార మాధ్యమ విధాన పరిశోధన

ఐరోపాలో ప్రసార మాధ్యమ విధాన పరిశోధన అనగా ఆ ఖండపు దేశాలలో రేడియో, టెలివిజన్, అంతర్జాల ప్రసారాలు ఎవరి యాజమాన్యంలో ఉన్నాయి, వాటికి డబ్బు ఎక్కడి నుండి వస్తుంది, వాటిని ఏ చట్టాలు నియంత్రిస్తాయి, వాటి వార్తలు ప్రభుత్వాల ఒత్తిడికి, వ్యాపార ప్రయోజనాలకు ఎంతవరకు లోబడకుండా ఉన్నాయి అనే విషయాలను పరిశీలించే అధ్యయన రంగము. విశ్వవిద్యాలయ విభాగాలు, న్యాయశాస్త్ర పరిశోధనాలయాలు, అంతర్జాతీయ సంస్థలు, ప్రసార సంస్థల సంఘాలు ఈ రంగంలో పనిచేస్తున్నాయి. మాధ్యమ స్వేచ్ఛకు కలిగే ప్రమాదాన్ని ఈ పరిశోధకులు పలుమార్లు ముందుగానే గుర్తించారు. కాని గుర్తించిన ప్రమాదాన్ని ఆపే అధికారం వారికి లేదు. ఈ అంతరాన్ని కొంతవరకైనా పూడ్చే ప్రయత్నం 2024లో వచ్చిన ఐరోపా మాధ్యమ స్వేచ్ఛా చట్టంతో మొదలయింది.

నేపథ్యం

తొలినాళ్ళలో రేడియో తరంగాలు పరిమితంగా ఉండేవి. అందువలన చాలా ఐరోపా దేశాలలో ప్రసారం ఒకే సంస్థ చేతిలో ఉండేది. బ్రిటన్‌లో 1922లో ఒక కంపెనీగా ఏర్పడిన బీబీసీ, 1927లో రాజశాసనం ద్వారా ప్రజా సంస్థగా మారింది. దాని ఖర్చు శ్రోతలు చెల్లించే లైసెన్సు రుసుముతో నడిచింది. జర్మనీలో 1933 తరువాత రేడియో నాజీల ప్రచార సాధనమయింది. ఈ అనుభవం కారణంగా రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ప్రసారాన్ని ప్రభుత్వం నుండి వేరుచేసి, ప్రజల తరఫున నడిచే సంస్థలకు అప్పగించాలన్న భావన బలపడింది.

1950లో సంతకాలయిన ఐరోపా మానవ హక్కుల ఒడంబడిక 10వ అధికరణం భావ ప్రకటనా స్వేచ్ఛకు హామీ ఇచ్చింది. అదే అధికరణం ప్రసార సంస్థలకు లైసెన్సులు ఇచ్చే అధికారాన్ని ప్రభుత్వాలకు వదిలింది. ఈ రెండింటి మధ్య హద్దు ఎక్కడ అన్న ప్రశ్న న్యాయస్థానాలను దశాబ్దాల పాటు వెన్నాడింది. 1961 ఫిబ్రవరి 28న పశ్చిమ జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం, ఛాన్సలర్ అడెనావర్ తలపెట్టిన కేంద్ర ప్రభుత్వ టెలివిజన్ కంపెనీ రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం 1976లో స్థానిక స్థాయిలో ప్రైవేటు ప్రసారాలకు దారి తెరచింది. 1993లో మానవ హక్కుల న్యాయస్థానం, లెంటియా అను సంఘం వేసిన వ్యాజ్యంలో, ఆస్ట్రియాలోని ప్రసార గుత్తాధిపత్యం 10వ అధికరణానికి విరుద్ధమని తేల్చింది.

ఈలోగా ఉపగ్రహ ప్రసారాలు దేశాల సరిహద్దులను దాటాయి. 1989 అక్టోబరులో ఐరోపా సముదాయం 'సరిహద్దులు లేని టెలివిజన్' ఆదేశాన్ని వెలువరించింది. వార్తలు, క్రీడలు, ప్రకటనలు మొదలగువాటిని మినహాయించి, మిగిలిన ప్రసార సమయంలో సాధ్యమైనంత వరకు అధిక భాగం ఐరోపా కార్యక్రమాలకే కేటాయించాలని అది కోరింది. ఇటువంటి నియమం అమలవుతున్నదో లేదో తెలియాలంటే ఎవరో ఒకరు లెక్క కట్టవలసి ఉంటుంది. ఈ విధంగా చట్టమే పరిశోధనకు పని కల్పించింది.

ప్రధాన సంస్థలు

ఐరోపా ప్రసార సంఘం: 1950 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని టార్కీ పట్టణంలో 23 ప్రసార సంస్థలు కలిసి దీనిని స్థాపించాయి. ప్రధాన కార్యాలయం జెనీవాలో ఉన్నది. తూర్పు ఐరోపా దేశాల ప్రసార సంఘం 1993లో ఇందులో విలీనమయింది. ప్రజాసేవా ప్రసార సంస్థల ఆదాయం, ప్రేక్షకాదరణ, చట్టపరమైన స్థితిగతులపై దీని పరిశోధన విభాగం నివేదికలు తయారుచేస్తుంది. ఇది సభ్య సంస్థల ప్రయోజనాల కొరకు పనిచేసే సంఘం గనుక, దీని నివేదికలను ఆ దృష్టితో చదవవలసి ఉంటుంది.

హాన్స్ బ్రెడో సంస్థ: 1950లో హాంబుర్గ్‌లో ఏర్పడింది. జర్మన్ రేడియోకు ఆద్యులలో ఒకడై, 1933 జనవరిలో హిట్లర్ అధికారానికి వచ్చినపుడు పదవికి రాజీనామా చేసిన హాన్స్ బ్రెడో పేరు దీనికి పెట్టారు. 1957 నుండి ఇది ప్రచురించిన అంతర్జాతీయ రేడియో, టెలివిజన్ కరదీపిక దేశదేశాల ప్రసార వ్యవస్థలను ఒకచోట చేర్చింది. 2019లో ఇది జర్మనీలోని లైబ్నిజ్ పరిశోధనా సంస్థల సమాహారంలో చేరింది.

ఐరోపా దృశ్య శ్రవణ పరిశీలనాలయం: 1992లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ ఆధ్వర్యంలో స్ట్రాస్‌బర్గ్‌లో స్థాపించబడినది. కౌన్సిల్ ఆఫ్ యూరప్ మానవ హక్కుల కొరకు ఏర్పడిన ప్రత్యేక సంస్థ. దానిని ఐరోపా సమాఖ్యగా పొరపడరాదు. ఈ పరిశీలనాలయపు 'మావిజ్' సమాచార నిధిలో టెలివిజన్ ఛానళ్ళు, కోరినపుడు చూసే సేవలు, వాటి యజమానుల వివరాలు లభిస్తాయి. 'లూమియేర్' సమాచార నిధి చలనచిత్రాలకు అమ్ముడైన టిక్కెట్ల లెక్కలు చెబుతుంది. 'ఐరిస్' అను ప్రచురణ న్యాయ విషయాలకు సంబంధించినది.

న్యాయశాస్త్ర పరిశోధనాలయాలు: ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలోని సమాచార న్యాయ సంస్థ 1989లోను, జర్మనీలోని జార్‌బ్రుకెన్‌లో ఐరోపా మాధ్యమ న్యాయ సంస్థ 1990లోను ఏర్పడ్డాయి.

మాధ్యమ బహుళత్వ, స్వేచ్ఛా కేంద్రం: ఇటలీలోని ఫ్లోరెన్స్ వద్ద గల ఐరోపా విశ్వవిద్యాలయ సంస్థలో 2011లో ప్రారంభమయింది. మాధ్యమ బహుళత్వ సూచిక దీని ముఖ్యమైన కృషి.

వీటితో పాటు స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఉన్న నార్డికామ్ ఉత్తర ఐరోపా దేశాల మాధ్యమాలపై గణాంకాలను సేకరిస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో 2006లో ఏర్పడిన రాయిటర్స్ పాత్రికేయ అధ్యయన సంస్థ 2012 నుండి ఏటా డిజిటల్ వార్తల నివేదికను వెలువరిస్తున్నది.

పరిశోధకులు, గ్రంథాలు

1982లో వివిధ దేశాల పండితులు కలిసి యూరోమీడియా పరిశోధక బృందాన్ని ఏర్పరచుకున్నారు. ఒక్కొక్క దేశపు వ్యవస్థను ఆ దేశపు పరిశోధకుడే వివరించి, తరువాత అందరూ కలిసి పోల్చిచూడడం దీని పద్ధతి. ప్రముఖ వార్తా మాధ్యమాలు ప్రజాస్వామ్యానికి ఎంతవరకు ఉపకరిస్తున్నాయో తెలిపే వీరి అధ్యయనం 2011లో ఒకసారి, 2021లో 18 దేశాలతో మరొకసారి వెలువడింది.

బ్రిటన్‌లో జన్మించి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆచార్యుడుగా పనిచేసిన డెనిస్ మెక్‌క్వెయిల్ (1935-2017), మాధ్యమాల పనితీరును ప్రజా ప్రయోజనం అనే కొలతతో ఎలా పరిశీలించవచ్చునో 1992 నాటి గ్రంథంలో వివరించాడు. లీడ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జే బ్లమ్లర్ (1924-2021), వాణిజ్య ప్రసారాల వెల్లువలో కాపాడుకోవలసిన విలువలేవో అదే సంవత్సరం తన సంపాదకత్వంలో వచ్చిన పుస్తకంలో చర్చించాడు. పోలండుకు చెందిన కరోల్ యకుబోవిచ్ (1941-2013), కమ్యూనిస్టు పాలన ముగిసిన తరువాత తూర్పు ఐరోపా దేశాలు పశ్చిమ దేశాల ప్రసార చట్టాలను తెచ్చుకున్నా, వాటిని నిలబెట్టే రాజకీయ సంస్కృతి వెంటనే రాలేదని చూపాడు. తరువాతి సంఘటనలు ఈ పరిశీలనకు బలం చేకూర్చాయి.

డేనియల్ హాలిన్, పావోలో మంచీని 2004లో ప్రచురించిన గ్రంథం ఈ రంగంలో తరచుగా ప్రస్తావించబడుతుంది. వారు పశ్చిమ ఐరోపా, ఉత్తర అమెరికాలలోని 18 దేశాల మాధ్యమ వ్యవస్థలను మూడు నమూనాలుగా విభజించారు. మధ్యధరా దేశాలలో మాధ్యమాలకు, రాజకీయ పక్షాలకు దగ్గరి సంబంధం ఉంటుంది. ఉత్తర, మధ్య ఐరోపాలో పక్షాల పత్రికలతో పాటు బలమైన వృత్తి నియమాలు, ప్రజాసేవా ప్రసారం ఉంటాయి. బ్రిటన్, అమెరికా వంటి దేశాలలో మార్కెట్టుదే పైచేయి. తూర్పు ఐరోపా ఈ విభజనలో చేరలేదు. ఆ లోటును పూరించే ప్రయత్నాలు తరువాత అనేకం జరిగాయి.

బహుళత్వాన్ని కొలిచే విధానం

ఒక దేశంలో ఛానళ్ళు ఎన్ని ఉన్నాయన్నది లెక్కిస్తే సరిపోదు. వంద ఛానళ్ళు ఉన్నా అన్నింటి వెనుక ఒకే యజమాని ఉండవచ్చును. అందుచేత ఫ్లోరెన్స్ కేంద్రపు సూచిక నాలుగు రంగాలను పరిశీలిస్తుంది. అవి: ప్రాథమిక రక్షణ, మార్కెట్టులో బహుళత్వం, రాజకీయ స్వాతంత్ర్యం, సామాజిక సమ్మిళితత్వం. వీటి క్రింద 20 సూచికలు ఉన్నాయి. ప్రతి దేశంలోను స్థానిక పరిశోధక బృందం ప్రశ్నావళికి సమాధానాలు, ఆధారాలు సమకూరుస్తుంది. చట్టం కాగితం మీద ఉన్నదా అన్నది ఒక ప్రశ్న అయితే, అది అమలవుతున్నదా అన్నది మరొక ప్రశ్న. ఫలితాన్ని 0 నుండి 100 శాతం వరకు ప్రమాద స్థాయిగా చూపుతారు. శాతం పెరిగిన కొలది ప్రమాదం పెరిగినట్లు.

మూడు దేశాల అనుభవం

గ్రీసు: 2013 జూన్ 11న గ్రీసు ప్రభుత్వం వృథా ఖర్చు కారణంగా చూపి ప్రజా ప్రసార సంస్థ ఈఆర్టీని ఆనాటి రాత్రికి రాత్రే మూసివేసింది. తెరలు నల్లబడ్డాయి. రెండు వేలకు పైగా ఉద్యోగులు పని కోల్పోయారు. పాత్రికేయులు భవనంలోనే ఉండి కార్యక్రమాలు కొనసాగించగా, ఐరోపా ప్రసార సంఘం వాటిని ఉపగ్రహం ద్వారా, అంతర్జాలం ద్వారా ప్రసారం చేసింది. 2014లో వేరొక సంస్థ ప్రారంభమయినా, 2015 జూన్‌లో ఈఆర్టీ తిరిగి వచ్చింది. ఒక ప్రజా ప్రసార సంస్థను మంత్రివర్గ నిర్ణయంతో ఒక్క రోజులో ఆపివేయవచ్చునని ఈ సంఘటన తెలిపింది.

హంగేరీ: 2010లో వచ్చిన కొత్త చట్టాలు తొమ్మిదేళ్ళ పదవీకాలం గల మాధ్యమ మండలిని ఏర్పరచాయి. సభ్యులందరూ అధికార పక్షం ప్రతిపాదించినవారే. కౌన్సిల్ ఆఫ్ యూరప్ నిపుణులు, విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆనాడే హెచ్చరించారు. 2018 నవంబరులో 400కు పైగా పత్రికలు, ఛానళ్ళు, వెబ్‌సైట్లను వాటి యజమానులు ఒకే ఫౌండేషనుకు ఉచితంగా అప్పగించారు. ఇది జాతీయ ప్రాముఖ్యం గల వ్యవహారమని ప్రభుత్వం ప్రకటించినందున, పోటీ వ్యవహారాల సంస్థ దానిని విచారించే అవకాశం లేకపోయింది. 2021 ఫిబ్రవరిలో క్లుబ్‌రేడియో తన తరంగాన్ని కోల్పోయి అంతర్జాలానికి పరిమితమయింది. బహుళత్వ సూచిక అధిక ప్రమాదాన్ని చూపుతూనే ఉన్నా, సంవత్సరాల పాటు ఆ అంకెలు నివేదికలలోనే మిగిలిపోయాయి.

స్విట్జర్లాండు: ప్రసార రుసుమును రద్దు చేయాలన్న ప్రతిపాదనపై 2018 మార్చి 4న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 71.6 శాతం ఓటర్లు దానిని తిరస్కరించారు. నాలుగు జాతీయ భాషలు గల చిన్న దేశంలో, రుసుము లేకపోతే ఫ్రెంచి, ఇటాలియన్, రోమాన్ష్ ప్రసారాలు ప్రకటనల ఆదాయంతోనే నిలబడగలవా అన్న ప్రశ్న చర్చలో ముఖ్యమయింది. రుసుము గృహానికి ఏడాదికి 451 ఫ్రాంకుల నుండి 2019లో 365కు తగ్గింది. గ్రీసులో ప్రజలను అడగకుండా జరిగిన నిర్ణయం ఇక్కడ బహిరంగ చర్చ తరువాత జరిగింది.

కొలమానం నుండి చట్టానికి

ఐరోపా మాధ్యమ స్వేచ్ఛా చట్టం 2024 మే 7న అమలులోకి వచ్చింది. దానిలోని అధిక నిబంధనలు 2025 ఆగస్టు 8 నుండి వర్తిస్తున్నాయి. ప్రజాసేవా ప్రసార సంస్థల అధిపతులను పారదర్శక పద్ధతిలో నియమించాలని, వాటికి తగినంత, ముందుగా తెలిసే నిధులు ఇవ్వాలని 5వ అధికరణం చెబుతుంది. యాజమాన్య వివరాలను బయటపెట్టాలని 6వ అధికరణం, మాధ్యమ సంస్థల విలీనాలు బహుళత్వంపై చూపే ప్రభావాన్ని అంచనా వేయాలని 22వ అధికరణం, ప్రభుత్వ ప్రకటనల ఖర్చును వెల్లడించాలని 25వ అధికరణం నిర్దేశిస్తాయి. మాధ్యమ మార్కెట్టును స్వతంత్రంగా పరిశీలించే ఏర్పాటు 26వ అధికరణంలో ఉన్నది. పరిశోధకులు ప్రశ్నావళులలో అడుగుతూ వచ్చిన అనేక విషయాలు ఇప్పుడు చట్టపరమైన బాధ్యతలయ్యాయి. 2014లో ఏర్పడిన నియంత్రణ సంస్థల బృందం స్థానంలో 2025 ఫిబ్రవరిలో ఐరోపా మాధ్యమ సేవల మండలి వచ్చింది.

మాధ్యమ విషయాలు సభ్య దేశాల అధికార పరిధిలోనివని, మార్కెట్టు పేరుతో సమాఖ్య వాటిలో ప్రవేశించరాదని వాదిస్తూ హంగేరీ ఈ చట్టాన్ని 2024లో ఐరోపా న్యాయస్థానంలో సవాలు చేసింది.

పరిమితులు

ఈ పరిశోధనకు కొన్ని పరిమితులు ఉన్నాయి. ఫ్లోరెన్స్ సూచిక వంటి కార్యక్రమాలకు ఐరోపా సమాఖ్య నిధులే ముఖ్య ఆధారం. ప్రభుత్వాల సొమ్ముపై ఆధారపడిన మాధ్యమం స్వతంత్రంగా ఉండగలదా అని ప్రశ్నించే పరిశోధకులు తమ నిధుల విషయంలో కూడా అదే ప్రశ్నకు సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది. ప్రశ్నావళి, పద్ధతి, సమాధానాలను బహిరంగంగా ప్రచురించడం దీనికి వారు ఎంచుకున్న మార్గం. ఇక యాజమాన్యం బంధువుల పేర్లలోనో, మధ్యవర్తి కంపెనీల పేర్లలోనో ఉన్నపుడు సమాచార నిధులు అసలు యజమానిని చూపలేవు. వార్తలు యూట్యూబ్, ఫేస్‌బుక్ వంటి వేదికల ద్వారా చేరుతున్న కాలంలో, ఏ వార్త ఎవరికి ఎందుకు కనిపించినదో ఆ కంపెనీలకు మాత్రమే తెలుసును. 2022 నాటి డిజిటల్ సేవల చట్టపు 40వ అధికరణం, అర్హులైన పరిశోధకులకు ఇటువంటి సమాచారం అందించాలని అతిపెద్ద వేదికలను ఆదేశిస్తున్నది.

భారతదేశంతో సంబంధం

1993 నాటి క్రికెట్ పోటీల ప్రసార హక్కుల వివాదంపై భారత సర్వోన్నత న్యాయస్థానం 1995 ఫిబ్రవరి 9న తీర్పు వెలువరించింది. ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి ఆ తీర్పులో విడిగా తన అభిప్రాయం వ్రాశారు. జర్మనీ, ఇటలీ, ఫ్రాన్సు, ఆస్ట్రియా దేశాల ప్రసార న్యాయాన్ని ఆయన వివరంగా పరిశీలించారు. ఇందుకు లండన్‌లో ఆచార్యుడైన ఎరిక్ బారెంట్ 1993లో ప్రచురించిన తులనాత్మక గ్రంథాన్ని ఉపయోగించుకున్నారు. లెంటియా తీర్పు కూడా అందులో చర్చకు వచ్చింది. వాయు తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిని ప్రజల మేలు కొరకు ఒక స్వతంత్ర సంస్థ నియంత్రించాలని న్యాయస్థానం చెప్పింది. ప్రసార మాధ్యమం ప్రజల అధీనంలో ఉండాలే తప్ప ప్రభుత్వ అధీనంలో కాదని జీవన్ రెడ్డి స్పష్టం చేశారు. పార్లమెంటు 1990లోనే ఆమోదించిన ప్రసార భారతి చట్టం, ఈ తీర్పు వచ్చిన రెండేళ్ళకు, 1997లో అమలులోకి వచ్చింది.