పురిటిగది నుంచి పార్లమెంటుకు...

కాన్పంటే ఆడవాళ్లకు పునర్జన్మ అంటారు పెద్దలు. ఊరికే పుట్టిన మాట కాదది. ఎనభై, తొంభై ఏళ్ల కిందట తెలుగు ఊళ్లలో అది అక్షరాలా నిజం. గాలీ వెలుతురూ రాని మూలగదిలో పురుడు. బొడ్డు కోయడానికి చేతికందిన కత్తో, కొడవలో. దానికున్న మురికితో పసిగుడ్డుకు ధనుర్వాతం వచ్చేది. తల్లికి సూతిక జ్వరం తగులుకునేది. పెన్సిలిన్ ఇంకా జనంలోకి రాలేదు. మగ డాక్టరును పిలుద్దామంటే ఒప్పుకోని ఇళ్లే ఎక్కువ. ఇక లేడీ డాక్టరా... ఎక్కడో ఒకరు!

ఆ కాలంలో బెజవాడలో ఆసుపత్రి పెట్టి పురుళ్లు పోసిన డాక్టరమ్మ కొమర్రాజు అచ్చమాంబ. తర్వాత అదే ఊరు ఆమెను లోక్‌సభకు పంపింది.

ఒకే పేరు... ఇద్దరు అచ్చమాంబలు

అచ్చమాంబ 1906 అక్టోబర్ 6న గుంటూరులో పుట్టారు. తండ్రి కొమర్రాజు లక్ష్మణరావు. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని జీవితమంతా తపించిన పండితుడు. చరిత్ర, సైన్సు పుస్తకాలను తెలుగులో అచ్చువేసిన విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పిందీ ఆ 1906లోనే.

ఆ ఇంట్లో అంతకుముందే ఒక అచ్చమాంబ ఉన్నారు. లక్ష్మణరావు అక్క భండారు అచ్చమాంబ. బడి గడప తొక్కలేదు. తమ్ముడి పక్కన కూర్చుని ఇంట్లోనే అక్షరాలు నేర్చుకున్నారు. దేశంలోని గొప్ప స్త్రీల జీవితాలను 'అబలా సచ్చరిత్ర రత్నమాల'గా రాశారు. 1902లో 'ధనత్రయోదశి' కథ రాశారు. ముప్ఫయ్యో ఏట, 1905లో కన్నుమూశారు. మరుసటి ఏడాది పుట్టిన మేనకోడలిదీ అదే పేరు.

మేనత్తకు బడే లేదు. మేనకోడలు మద్రాసులో డాక్టరు చదువు చదివారు. ఒక్క తరంలో ఎంత దూరం!

ఆ దూరం సులువుగా దాటింది కాదు. 1923లో తండ్రి పోయేనాటికి ఆమెకు పదహారేళ్లు. విజ్ఞాన సర్వస్వం పూర్తికాకుండానే ఆయన వెళ్లిపోయారు. కూతురు మాత్రం చదువు ఆపలేదు. ఆ చదువుకునే రోజుల్లోనే స్వాతంత్ర్యోద్యమం వైపూ నడిచారు.

పుస్తకంలో ఉంటే చాలదు...

పట్టా పుచ్చుకున్నాక ఆమె ముందు రెండు దారులున్నాయి. ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి వైద్యం చేస్తే పేరూ డబ్బూ వస్తాయి. కానీ ఒక్క డాక్టరు రాత్రింబవళ్లు తిరిగినా ఎన్ని పురుళ్లు పోయగలదు? అందుకే తనకు తెలిసిన విద్యను పంచడం మొదలుపెట్టారు. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లల సంరక్షణ గురించి తెలుగులో 'ప్రసూతి-శిశుపోషణ' పుస్తకం రాశారు. తండ్రి చరిత్రనూ శాస్త్రాన్నీ తెలుగు చేస్తే, కూతురు పురిటిగదిని తెలుగులో రాశారన్నమాట.

1940లలో ఆమె కమ్యూనిస్టు ఉద్యమంలో, మహిళా సంఘం పనుల్లో చురుగ్గా ఉన్నారు. ఊళ్ల నుంచి వచ్చిన మహిళా కార్యకర్తలకు పురుడు పోయడం నేర్పారు. చేతులు శుభ్రంగా కడుక్కోవడం, వాడే కత్తెరను నీళ్లలో మరిగించడం... ఈరోజు చూస్తే చిన్న విషయాలే. అప్పట్లో తల్లీబిడ్డల ప్రాణాలు వాటిమీదే ఆధారపడి ఉండేవి.

పదవి కాదు, పని

డాక్టరుకు రాజకీయాలెందుకన్న ప్రశ్న కొత్తది కాదు. ఊరికి ఆసుపత్రి కావాలన్నా, నర్సు కావాలన్నా, మంచినీళ్లు కావాలన్నా నిర్ణయం జరిగేది చట్టసభల్లోనే. మద్రాసులో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి 1927లోనే శాసనమండలిలో అడుగుపెట్టారు. ఆఫ్రికాలో ఉగాండా శస్త్రవైద్యురాలు స్పెసియోజా కజిబ్వే 1994లో ఆ దేశ ఉపాధ్యక్షురాలయ్యారు. ఆ ఖండంలోనే ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమె.

అచ్చమాంబ 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు నిలబడ్డారు. ఈసారి కాంగ్రెస్ అభ్యర్థిగా! 1952లో కమ్యూనిస్టుల మద్దతుతో హరీంద్రనాథ్ చటోపాధ్యాయ గెలిచిన స్థానమది. అక్కడ ఆమె గెలిచారు. 1962లో ఆ స్థానం ఆనకట్టల ఇంజినీరు కె.ఎల్.రావుకు వెళ్లింది. విజయవాడ మళ్లీ ఒక మహిళను లోక్‌సభకు పంపడానికి 1980 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు గెలిచింది చెన్నుపాటి విద్య.

1964 అక్టోబర్ 20న అచ్చమాంబ కన్నుమూశారు. యాభై ఎనిమిదేళ్లు... పెద్ద వయసేమీ కాదు. ఒకనాటి సహచరులకు ఆమె పార్టీ వీడిన మనిషి. వెళ్లిన పార్టీకి ఒక్కసారి గెలిచిన ఎంపీ. ఎవరూ 'మా మనిషి' అని గట్టిగా చెప్పుకోకపోవడానికి బహుశా అదే కారణం. తండ్రిని తలచుకున్నంతగా, మేనత్తను తలచుకున్నంతగా ఆమెను తలచుకోం.

కానీ పురుడు పోసిన చేతికి పార్టీ ఏముంటుంది? ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఈ ఆదివారం ఒక్క మాట అడిగి చూడండి. వాళ్లు ఏ గదిలో పుట్టారో, బొడ్డు ఎవరు కోశారో... తమ వెనకా ముందూ పుట్టినవాళ్లలో ఎందరు దక్కారో. ఆ లెక్క విన్నాక, ఒక డాక్టరమ్మ పదిమందికి కత్తెర మరిగించడం నేర్పడం ఎంత పెద్ద పనో తెలుస్తుంది.