మేళగాండ్రు

అనంతపురము జిల్లాలో కళ్యాణదుర్గము చుట్టునుగల పల్లెలలో మేళము లేనిదే శుభకార్యము జరుగదు. పెండ్లికి సన్నాయి, డోలు; దేవరకు ఉరుములు; జాతరకు తప్పెటలు; పట్టణపు వీధులలో వరుని ఊరేగింపునకు బ్యాండు. ఈ వాద్యములను వాయించువారు మన కన్నులయెదుటనే తిరుగుచుందురు. అయినను పురోహితుని మాట, వంటవారి మాట నెల దినముల ముందే ఆలోచించు ఇంటి పెద్ద, మేళమువారిని చివరి వారమున తలచుకొనును. కార్యము ముగిసిన పిదప, ముందు ఒప్పుకొనిన పైకమునకే మఱల బేరము మొదలుపెట్టును. ఇది న్యాయముగా లేదు.

మేళము వాయించుట సులభమని తలచువారు ఒక్కమారు నాదస్వరమును చేతబట్టి చూడవలెను. అది రెండడుగులకు మించిన కొయ్య గొట్టము. పైన రెల్లుజాతి గడ్డితో చేసిన పీక యుండును. వ్రేళ్ళతో మూయు రంధ్రములు ఏడు. క్రింద మఱి ఐదు రంధ్రములుండును. వానిలో కొన్నిటిని మైనముతో పూడ్చి శ్రుతిని సరిచేసికొందురు. మీటలు లేవు, మెట్లు లేవు. స్వరము నిలుచుటయు జాఱుటయు ఊపిరి బలముమీదను, పెదవుల పట్టుమీదను ఆధారపడియుండును. డోలు వాయించువారు కుడిచేతి వ్రేళ్ళకు గట్టి తొడుగులు వేసికొని, ఎడమచేత పుల్లపట్టి గంటల తరబడి వాయింతురు. తాళి కట్టు క్షణమున గట్టిమేళము మ్రోగవలెను. ఆ క్షణముకొఱకు వారు తెల్లవారుజామునుండియు పురోహితుని చేతివైపు చూచుచు కూర్చుందురు. ఆ చేయి లేచిన మఱునిమేషమున రాగమును విడిచి గట్టిమేళమును అందుకొనవలెను. జాగైనచో తప్పు వారిదే.

ఇచట చెప్పదగిన విశేష మొకటి కలదు. నాదస్వరమునకు శ్రేష్ఠమని పేరుగొన్న కొయ్యను తమిళులు ఆచ్చా అందురు. మన మెట్టసీమ అడవులలో నారయేపి యని పిలువబడు చెట్టు అదియే. ఎండకు తాళి, రాళ్ళలో వేరూని పెరుగు చెట్టు. కొయ్య మిక్కిలి గట్టిది, బరువైనది. కుంభకోణమునకు సమీపముననున్న నరసింగంపేట పనివారు పాత ఇండ్ల దూలములనుండి తీసిన ఆ కొయ్యను తొలిచి నాదస్వరములు చేయుదురు. ఆ వాద్యమునకు 2022వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. మన రైతు ఆ చెట్టును నాగలికిని, పశువుల మేతకును ఎఱుగును. సన్నాయికి ఎఱిగినవారు కొలదిమందియే.

ఈ విద్య ఒక కులమునకో మతమునకో చెందినదనుట పొరపాటు. ఒంగోలు సమీపమున కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబు శ్రీరంగమున స్థిరపడి, నాదస్వర గానమునకు 1977లో పద్మశ్రీ పురస్కారమును, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదమును పొందెను. అంతటి ఖ్యాతి కోటికొక్కరికి వచ్చును. మిగిలినవారి బ్రదుకు వేఱు.

ఉరుము అను వాద్యము అనంతపురము జిల్లాలో పేరుగొన్నది. అది రెండు ముఖములుగల పెద్ద చర్మవాద్యము. ఒక ముఖమును పుల్లతో రాయుచు, రెండవ ముఖమును కొట్టుదురు. ఆ రాపిడియు, ఆ దెబ్బయు కలిసి మేఘగర్జనమువలె వినిపించును. పేరునకు కారణము అదియే. ఉరుములవారు అక్కమ్మల కథలు పాడుచు అడుగులు వేయుదురు. కళ్యాణదుర్గమున అక్కమ్మల గుడిగల కొండ యుండుటచేత ఈ పాటకు ఇచట చెవియొగ్గువారు ఎక్కువ. మేఘము ఉరిమిన దినములకంటె ఈ వాద్యము ఉరిమిన దినములే ఎక్కువగానుండు సంవత్సరములును ఈ సీమలో లేకపోలేదు. బ్యాండు మేళము తెల్లవారి పటాలములతో వచ్చినది. క్లారినెట్టు, ట్రంపెట్టు అను పేరులు పరభాషవే అయినను, వానిలో పలుకునవి మన పాటలే. మే నెల ఎండలో దళసరి ఎఱ్ఱకోటు తొడుగుకొని మైళ్ళకొలది నడచుచు ఊపిరి బిగబట్టి ఊదువారి శ్రమను చూచువారు అరుదు.

ఈ సీమలో సాలీన సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను నమ్మకముగా రాదు. ఈ లెక్కకును మేళగాండ్ర కుండకును దగ్గఱి సంబంధము కలదు. పుష్య, ఆషాఢ, భాద్రపద మాసములలో పెండ్లిండ్లు లేవు. మూఢములు వచ్చినచో మఱికొన్ని వారములు పోవును. మిగిలిన మాసములలోనైనను వేరుసెనగ పండినచోనే పెండ్లి. జూన్, జూలై మాసములలో విత్తిన పంట చేతికి రాకపోయినచో రైతు కూతురి పెండ్లిని మఱుసటి ఏటికి త్రోసివేయును. రైతునకు పంటబీమా యని కొంతయైనను లెక్కించువారున్నారు. వాయిదాపడిన పెండ్లికి మేళమువారి నష్టమును లెక్కించువారు కానరారు. మంచి ముహూర్తమున ఊరూర పెండ్లిండ్లే. కాని ఒక మేళము ఒక్క పందిటనే వాయింపగలదు. ఆ పందిరి తప్పిపోయిననాడు తక్కిన పందిళ్ళన్నియు అప్పటికే పరులవి. అందుచేత ఈ సీమవారెందఱో పోయినట్లే వీరును బెంగుళూరునకు పోయి కట్టడపు పనులలో ఇటుకలు మోయుచున్నారు. సాధన తప్పిన వ్రేళ్ళు తిరిగివచ్చిన పిదప మునుపటివలె ఆడవు.

ధ్వనివర్ధకము చౌకయని కొందఱు వాదింతురు. అందులో పలుకు సన్నాయి గొప్ప విద్వాంసులది గనుక పల్లె సన్నాయికంటె మేలుగానుండుననుటయు నిజమే. కఱవు రైతు నిజముగా చేతకాక పెట్టెపాటతో పెండ్లి జరుపుకొనినచో వానిని తప్పుపట్టరాదు. కాని నేడు జరుగుచున్నది అది కాదు. అప్పుతెచ్చి లారీనిండ పెట్టెలు కట్టించి, రంగుదీపములు వెలిగించి, ముసలివారి గుండెలదఱునట్లు డీజే పెట్టించువారే సన్నాయివారి కడకు వచ్చుసరికి పొదుపును తలచుకొనుచున్నారు. పెట్టెలోని పాటకు పందిటిలో తాళి ముడిపడినదో లేదో తెలియదు. కరెంటు పోయినచో అదియును లేదు.

మఱికొందఱు కులవృత్తిని విడువరాదని, తండ్రి వాయించిన తప్పెటను కొడుకు వాయింపవలెనని హితబోధ చేయుదురు. ఈ మాటలో ముల్లున్నది. తప్పెటగాండ్రు దూరముగా నిలిచి వాయించి, అందఱు తినిన పిదప తినిన దినములను మఱచి, కళ అంతరించుచున్నదని విలపించుట తగదు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసినది. 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని నిషేధించినది. బలవంతముగా మెడకు తగిలించిన తప్పెటను దింపివేయుట కళాద్రోహము కాదు. అది వారి హక్కు. పుట్టుకచేత ఎవరును బద్ధులు కానప్పుడు ఈ విద్య నిలుచుటకు ఒక్కటే దారి: ఇష్టపడిన ప్రతి బాలుడును, ప్రతి బాలికయు దానిని నేర్చుకొనగలుగవలెను. తిరుపతిలో దేవస్థానమువారి నాదస్వర డోలు పాఠశాల కలదు. కళ్యాణదుర్గము బాలునకు తిరుపతి దూరము. ఇచటి ఉన్నత పాఠశాలలలోనే వారమునకు రెండు గంటలు ఉరుములవారిని, సన్నాయివారిని కుర్చీవేసి కూర్చుండబెట్టి, జీతమిచ్చి చెప్పించినచో, విద్యార్థులు వారిని మొదటిసారి గురువులుగా చూతురు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము డప్పు కళాకారుల పింఛనును 2024 జూలైనుండి నెలకు 4000 రూపాయలు చేసినది. మంచి పని. కాని పింఛను ముసలితనమునకు. పనిచేయు వయసున వారికి కావలసినది నిలుకడగల బేరము. తాంబూలములనాడే మూడవవంతు పైకమును సంచకరువుగా ఇచ్చి, పెండ్లి వాయిదాపడినచో దానిని తిరిగి అడుగకుండవలెను. మిగిలినది అప్పగింతలకు ముందే చెల్లింపవలెను. చుట్టములతోపాటు మొదటి పంక్తిలోనే వారికిని విస్తరి వేయవలెను. దీనికి ప్రభుత్వపు ఉత్తర్వు అక్కఱలేదు. పెండ్లి ఖర్చుల చీటిలో వంటపాత్రల అద్దె వ్రాయు వరుసకు పైన, మేళమువారి పేర మఱియొక వరుస వ్రాసికొనినచో చాలును.