తోరణం మీద ఉన్న సోయి తూము మీద ఏది?

2024 మే నెలలో రాష్ట్ర చిహ్నంలోంచి కాకతీయ తోరణాన్ని, చార్మినార్‌ను తీసేస్తరన్న మాట రాంగనే ఓరుగల్లు భగ్గుమన్నది. జూన్ 2న రావాల్సిన కొత్త చిహ్నం ఆగిపోయింది. మంచిదే. ఆ తోరణం మనకు ఉత్త బొమ్మ కాదు. మీకు చరిత్ర ఎక్కడిదని ఎగతాళి చేసినోళ్ళకు ఉద్యమ కాలంలో మనం చూపించిన జవాబు అది.

కానీ ఒక్క మాట మనల్ని మనమే అడుక్కోవాలె. కాగితం మీది తోరణం కోసం కొట్లాడిన మనం, మన ఊరి చెరువు కట్ట మీది శాసనం రాయి బట్టలుతికే బండ అయితుంటే ఏం చేసినం? గుప్తనిధుల పేరుమీద గుడి గర్భాన్ని రాత్రికి రాత్రి తవ్విపోతే ఎంతమందిమి అడిగినం?

నర్సంపేట నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు పోతే పాకాల చెరువు. 13వ శతాబ్దం మొదట్లో, గణపతిదేవుని ఏలుబడిలో జగదాల ముమ్మడి కట్టించిండు. గుట్టలను చెరో పక్క ఆసరా చేసుకొని, నడుమ కట్ట పోసి నీళ్ళను ఆపిండ్రు. 1323లో ఓరుగల్లు కోట కూలింది, కాకతీయ రాజ్యం పోయింది. కట్ట మాత్రం ఉన్నది. ఏడు వందల ఏండ్ల తర్వాత కూడా ఖానాపురం, నర్సంపేట రైతు ఆ తూము నీళ్ళతోనే నాటు వేస్తున్నడు. వారసత్వం అంటే గాజు పెట్టెలో దాచుకునేదే అనుకునేటోళ్ళు ఒక్కసారి యాసంగిల పాకాల ఆయకట్టు చూసి రావాలె.

సమైక్య రాష్ట్రంలో చెరువును చంపిండ్రని మనం ఊరూరా చెప్పినం. అది నిజం. చెరువు పోతే నీరటి పోయిండు, ఆయకట్టు పోయింది, మనిషి వలస పోయిండు. అందుకే 2014లో రాష్ట్రం వచ్చినంక, 2015లో 46 వేలకు పైగా చెరువులను బాగుచేసే పనికి మిషన్ కాకతీయ అని పేరు పెడితే మన గుండె నిండింది. పూడిక తీసిండ్రు, కట్టలు పోసిండ్రు. కాదనం. కానీ ఎన్ని ట్రాక్టర్ల మట్టి పోయిందో బిల్లులు ఉన్న చోట, ఆ కట్ట మీద ఎన్ని శాసనాలు, ఎన్ని వీరగల్లులు ఉన్నయో లెక్క ఏ ఊరి పంచాయతీల ఉన్నది?

ఇంకో చేదు నిజం కూడా చెప్పుకోవాలె. వలస పాలకులు కూలగొట్టిండ్రని అనేందుకు ఇప్పుడు వీలు లేదు. నిజాం మీద కొట్లాడినోళ్ళను బంధించిన వరంగల్ సెంట్రల్ జైలును 2021లో దవాఖాన కోసం నేలమట్టం చేసింది మన సర్కారే. హైదరాబాద్‌ల ఎర్రమంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కడతమని 2019లో నిర్ణయం చేసింది కూడా మన సర్కారే. దవాఖాన వద్దని ఎవరూ అనరు. జాగ ఇంకెక్కడా లేదా అన్నదే ప్రశ్న. ఎర్రమంజిల్ విషయంలో పౌరులు హైకోర్టుకు పోయిండ్రు. అదే ఏడు సెప్టెంబర్‌ల కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అడిగితే ఆగింది. జైలు ఆగలేదు.

కూల్చుడు ఒక్క దినం పని. నిలబెట్టుడు ఎంత కష్టమో వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని అడగండి. విప్పిన రాళ్ళు మళ్ళ లేచి నిలబడేసరికి దాదాపు రెండు దశాబ్దాలు గడిచి 2024 మార్చి వచ్చింది.

అడిగి గెలిచిన కథ కూడా మన పక్కనే ఉన్నది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పకు 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అది ఊరికే రాలేదు. ఆ దరిదాపుల్ల ఓపెన్‌కాస్ట్ గని తవ్వుతమంటే జనం వద్దన్నరు. కాకతీయ హెరిటేజ్ ట్రస్టు తరఫున పాపారావు, పాండురంగారావు లాంటోళ్ళు ఏండ్ల తరబడి ఫైలు పట్టుకొని తిరిగిండ్రు. సర్కారు సంతకం పెట్టింది ఆఖరుకే.

పేదోనికి ఇల్లు లేకపోతే రాళ్ళను కాపాడుడెందుకని కొందరు అడుగుతరు. ఆ ప్రశ్నను కొట్టేయలేము. 2010 సవరణ చట్టం ప్రకారం కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్తగా కట్టొద్దు, ఆ పైన 200 మీటర్ల దాకా అనుమతి కావాలె. ఖిలా వరంగల్‌ల తాతల నాటి నుంచి ఉన్న కుటుంబాలకు ఈ నిబంధన మెడ మీద కత్తే. వాళ్ళకు సరైన జాగ, సరైన పరిహారం అడుగుడు కూడా వారసత్వ పోరాటమే. జనాన్ని వెళ్ళగొట్టి రాళ్ళను కాపాడితే అది మ్యూజియం అయితది గని ఊరు కాదు.

మరి మనం చేయాల్సింది ఏంది? చరిత్ర చదివే విద్యార్థులు సెలవులల్ల తమ ఊరి గుడి, చెరువు, శాసనం ఫొటో తీసి, కొలతలు రాసి పంచాయతీలో, బడిలో ఒక్కో నకలు పెట్టాలె. రాయి పోతే ఫిర్యాదుకు ఆ కాగితమే సాక్ష్యం. గ్రామసభలో శిఖం హద్దులు చదివి వినిపించమని అడగాలె. విగ్రహాలకు ఆయిల్ పెయింట్ వేసుడు, పాత రాతి తూముకు సిమెంటు మెత్తుడు ఆపాలె. 2011లో 42 దినాలు సకల జనుల సమ్మె చేసిన ఉద్యోగులకు ఇది పెద్ద పని కాదు. సర్వేయర్, ఇంజినీర్, పంతులు, ముగ్గురు ఒక్క ఆదివారం కట్ట మీద నిలబడితే సగం పని అయిపోతది.

రాష్ట్రం కోసం కొట్లాడిన రోజుల్ల పాకాల పేరు చెప్పి మనం ఓట్లు అడిగినం, పాటలు కట్టినం, సభలు పెట్టినం. ఆ బాకీ ఇంకా తీరలేదు. తోరణం చిహ్నంలో ఉంటే సరిపోదు. మత్తడి దుంకుతుండాలె, తూము పారుతుండాలె, శాసనం మీది అక్షరం మన పిల్లలు చదివేటట్టు ఉండాలె.