ఆపరేషన్ బల్లపై ఒక కీర్తన



మన అనంతపురం పల్లెల్లో ఆపరేషన్ అనగానే "శెనక్కాయలు పెరికినాక చూద్దాంలే" అని వాయిదా వేసేవారు చాలామంది. వానలు లేక చేతిలో డబ్బులేమి ఒక కారణం, భయం మరొక కారణం. ఆసుపత్రులకు ప్రార్థనకు వెళ్లినప్పుడు మేము ఎక్కువగా చూచేది ఆ భయాన్నే. వెన్నుకు మత్తు సూది వేస్తే నొప్పి తెలియదు గాని మెలకువ ఉంటుంది, కత్తెరల చప్పుడు వినబడుతుంది.

ఈ భయానికి సంగీతం మేలు చేస్తుంది. 1914లోనే అమెరికా వైద్యుడు ఇవాన్ కేన్ ఆపరేషన్ గదిలో గ్రామఫోను పెట్టించిన సంగతి తెలియజేశాడు. 2015లో లాన్సెట్ వైద్య పత్రిక 73 పరిశోధనలను, సుమారు 7,000 మంది రోగుల వివరాలను కలిపి చూచిన నివేదిక ప్రచురించింది. సంగీతం విన్నవారికి నొప్పి, ఆందోళన తగ్గాయి. నొప్పి మందులూ తక్కువే పట్టాయి. 2017లో గుంటూరులో ఒక రోగి మెలకువగా 'బాహుబలి-2' చూస్తుండగా మెదడుకు ఆపరేషన్ చేశారు.

ఇది మనకు కొత్తా? దావీదు సితారా వాయించగా సౌలుకు నెమ్మది కలిగింది (1 సమూ. 16:23). కాళ్లకు బొండ వేసియున్నా పౌలు సీలలు అర్ధరాత్రి పాడారు (అపొ.కా. 16:25).

కాబట్టి మీ ఇంట ఆపరేషన్ ఉంటే, పాటలు వినిపించవచ్చునా అని డాక్టరుగారిని ముందే అడగండి. పాటను రోగినే కోరుకోనివ్వండి. డాక్టరు మాట వినబడేంత మెల్లగా పెట్టండి. అయితే పాట మత్తుమందుకు బదులు కాదు. ప్రార్థన చేస్తున్నాం గదా అని డాక్టరు చెప్పిన తేదీ దాటనివ్వకండి. ఆ వైద్యుని చేతులను కూడ దేవుడే వాడుకొనును.

ప్రభువు మీ గృహములకు స్వస్థతను, సమాధానమును అనుగ్రహించును గాక.