భర్తకు కౌన్సెలింగ్ అంటే భార్యకు నచ్చజెప్పడం కాదు

గృహహింసపై మెయిన్స్‌లో ప్రశ్న వస్తే చివర్లో ఒక లైన్ రాసేస్తాం: 'హింసకు పాల్పడే పురుషులకూ కౌన్సెలింగ్ ఇవ్వాలి.' ఎవరు ఇవ్వాలి, ఏ భాషలో, ఎన్నాళ్లు, అతను రాకపోతే ఏం చేయాలి? బీజాపూర్ జిల్లాను ఎదురుగా పెట్టుకుని రాయండి, ఆ లైన్‌లో ఎంత పస ఉందో తెలుస్తుంది.

2005 గృహహింస చట్టం సెక్షన్ 14 ప్రకారం మేజిస్ట్రేట్ భర్తను ఒక్కడినే కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, ఇద్దరినీ కలిపీ పంపవచ్చు. 2006 నాటి 14వ నిబంధన ఇంకా గట్టిది: చేసిన హింసకు అతను అక్కడ ఏ సాకూ చెప్పకూడదు, ఆ సంగతి మొదలుపెట్టక ముందే అతనికి తెలియజేయాలి. మన కోచింగ్ నోట్స్‌లో ఈ ముక్క అరుదు. ఆచరణలో తరచూ జరిగేది దీనికి తలకిందులు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, 'ఏదో తాగి చేశాడు, పిల్లల మొహం చూసి సర్దుకో' అని ఆమెకే చెబుతారు. మారాల్సింది ఎవరు?

'జైల్లో పెడితే సరిపోదా?' అంటారు కొందరు. ఆ చట్టం వచ్చిన 2005లోనే ఇక్కడ సల్వా జుడుం మొదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో ఈ అడవి గ్రామాల్లో ఠాణా మెట్లెక్కడమంటే ఇన్‌ఫార్మర్ అన్న అనుమానాన్ని నెత్తిన పెట్టుకోవడమే. ఊరి పెద్దలు జరిమానా వేస్తే? అదీ ఆమె ఏరిన ఇప్ప పువ్వు, తునికాకు డబ్బులోంచే పోతుంది.

టాపర్ కాపీల్లో కనిపించే డులూత్ మోడల్ 1980ల మొదట్లో అమెరికాలోని మిన్నెసోటాలో పుట్టింది. హింసను అదుపు తప్పిన కోపంగా కాక, భార్యను అదుపులో పెట్టుకునే పద్ధతిగా చూస్తుంది. ఇంతవరకూ బాగుంది. కాలిఫోర్నియాలో ఇలాంటి తరగతులు కనీసం ఏడాది నడవాలి. మరి బీజాపూర్ నుంచి మిర్చి కోతలకు తెలంగాణ వెళ్లే మనిషి వారం వారం ఎక్కడికి రావాలి? గోండి, దోర్లీ, హల్బీ మాట్లాడేవాళ్లకు, భోపాలపట్నం వైపు తెలుగువాళ్లకు హిందీ కరపత్రం చదివి వినిపిస్తే అది పాఠమా?

పైగా ఫలితాలు గొప్పగా లేవు. అమెరికాలోని బ్రోవర్డ్ కౌంటీ అధ్యయనంలో తరగతులకు వెళ్లినవాళ్లకూ వెళ్లనివాళ్లకూ పెద్దగా తేడా కనిపించలేదు. బ్రిటన్‌లో 2015 నాటి ప్రాజెక్ట్ మిరాబల్ కొంత ఆశ చూపింది, అక్కడ కూడా కొట్టడం తగ్గినంతగా పెత్తనం తగ్గలేదు. అందుకే 'కోర్సు పూర్తిచేశాడు' అన్న కాగితం చూసి రక్షణ ఉత్తర్వును సడలించకూడదు. మార్పు వచ్చిందో లేదో అతన్ని కాదు, ఆమెను విడిగా అడగాలి. అతను రాకపోతే ఆ సంగతి ప్రొటెక్షన్ ఆఫీసర్ ద్వారా మేజిస్ట్రేట్‌కు చేరాలి. తరగతులు వలస కాలం చూసుకుని, అతని భాషలో జరగాలి.

మిషన్ శక్తిలో వన్ స్టాప్ సెంటర్ ఉంది, 181 హెల్ప్‌లైన్ ఉంది, నారీ అదాలత్ ఉంది. కొట్టేవాడి కోసం విడిగా ఒక్క పథకం కూడా లేదు. పెడితే దానికి వేరే పద్దు ఉండాలి, సఖి కేంద్రంలో ఆమె మంచానికీ భోజనానికీ ఇచ్చే డబ్బులోంచి ఒక్క రూపాయి తీయకూడదు.