ఉప్పల్ రోడ్డు: ఒప్పందంలో లేనివాళ్లు

ఉదయం ఏడు గంటలకు ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఒక గంట నిలబడితే చాలు, ఈ నగరం యెవరి శ్రమతో నడుస్తోందో తెలుస్తుంది. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో షిఫ్టు అందుకోవాల్సిన ఆడవాళ్లు టిఫిను డబ్బాలు పట్టుకుని కిక్కిరిసిన షేర్ ఆటోల్లోంచి దిగుతారు. హబ్సిగూడ, తార్నాక వైపు ఇళ్లల్లో పనిచేసేవాళ్లు నిలబడే చోటు లేక రోడ్డు మీదికే వచ్చి సిటీ బస్సు కోసం చూస్తుంటారు. నాచారం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి పసిపిల్లని భుజాన వేసుకుని బయల్దేరిన తల్లి రోడ్డు దాటే సందు కోసం యెదురుచూస్తుంది. పూలు, ఆకుకూరలు అమ్మేవాళ్లు రోడ్డు వారన గోనెపట్టా పరుచుకుంటారు. వాళ్ల పక్కనుంచే వరంగల్, యాదగిరిగుట్ట వైపు వెళ్లే బస్సులు, లారీలు, కార్లు హారన్లు మోగిస్తూ పోతుంటాయి.

దీన్నే అందరూ ‘ట్రాఫిక్ సమస్య’ అంటున్నారు. పేరు పెట్టడంలోనే సగం రాజకీయం వుంటుంది. కారులో కూర్చున్నవాడికి బస్సు, ఆటో, బండి, రోడ్డు దాటే మనిషి అన్నీ ట్రాఫిక్ సమస్యే. నడిచే ఆడమనిషికి మాత్రం ఆ రోడ్డే సమస్య. ఈ రెండు సమస్యలకూ ఒకే మందు లేదు. కానీ గత ఏడెనిమిదేళ్లుగా మొదటిదానికే వైద్యం జరుగుతోంది. అదీ పూర్తి కాలేదు.

ఉప్పల్ నుంచి వరంగల్ వైపు వెళ్లేది 163వ నెంబరు జాతీయ రహదారి. పాతవాళ్లకి ఇది 202గా గుర్తు. ఉప్పల్ కూడలి నుంచి పీర్జాదిగూడ, బోడుప్పల్, మేడిపల్లి మీదుగా నారపల్లి దాకా ఆరు కిలోమీటర్లకు పైగా ఎలివేటెడ్ రోడ్డు కట్టాలని 2018లో పనులు మొదలుపెట్టారు. రెండేళ్లలో పూర్తి కావలసింది. పని తీసుకున్న గుత్తేదారు సంస్థ 2022లో దివాలా ప్రక్రియలోకి పోయింది. 2025లో కూడా జనం స్తంభాల మధ్య గుంతల్లోనే ప్రయాణించారు. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. పై రోడ్డు ఎప్పుడొస్తుందోనని కాలనీలవాళ్లు ధర్నాలు చేశారు. ఈలోగా కింది రోడ్డు సంగతి పట్టించుకున్నవాళ్లు తక్కువ.

నారపల్లి దాటితే దృశ్యం మారిపోతుంది. అక్కడి నుంచి యాదగిరిగుట్ట దాకా 35 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డును ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యంలో నాలుగు వరుసలుగా విస్తరించారు. 2012 చివరికల్లా అది వాడకంలోకి వచ్చింది. బీబీనగర్ దగ్గర గూడూరులో టోల్ ప్లాజా వుంది. కంపెనీ పెట్టుబడి పెట్టి కడుతుంది, కొన్నేళ్లు టోల్ వసూలు చేసుకుంటుంది, గడువు తీరాక ప్రభుత్వానికి అప్పగిస్తుంది. 1995లో జాతీయ రహదారుల చట్టాన్ని సవరించి ప్రైవేటు పెట్టుబడికి తలుపు తెరిచిన దగ్గర్నుంచీ మన దేశంలో రహదారుల విధానం ఈ బాటలోనే నడిచింది.

ఈ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి, ‘చూశారా, ప్రైవేటుకిచ్చింది పూర్తయింది, ప్రభుత్వ సొమ్ముతో మొదలెట్టింది ఆగిపోయింది. అంచేత దీన్ని కూడా భాగస్వామ్యానికి ఇచ్చేస్తే పోతుంది’ అనేవాళ్లున్నారు. మాటలో కొంత నిజం వుంది. గూడూరు రోడ్డు పూర్తయిన మాట అబద్ధం కాదు. అయితే ఆ కంపెనీ నారపల్లి అవతలే యెందుకు వుంది, ఇవతల యెందుకు లేదు అన్న ప్రశ్న వేసుకోవాలి. టోల్ ప్లాజా పట్టణ పరిధికి పది కిలోమీటర్ల ఆవల వుండాలన్నది సాధారణ నియమం. ఉప్పల్, బోడుప్పల్ లాంటి చోట అడుగడుగునా సందులుంటాయి, ద్విచక్ర వాహనాలూ ఆటోలూ వుంటాయి. వాటికి జాతీయ రహదారుల మీద టోల్ లేదు. నడిచేవాళ్ల నుంచి వసూలు చేసేది యెలాగూ వుండదు. డబ్బు రాలే చోటికి పెట్టుబడి వెళ్లింది. మనుషులు ఎక్కువగా వున్న చోటు ఖజానాకి మిగిలింది. ఇది యెవరో చేసిన కుట్ర కాదు, ఆ పద్ధతి స్వభావమే అది. అందుకే ఆ పద్ధతి నుంచి ఫుట్‌పాత్‌ని ఆశించలేం, ఒప్పందంలో రాయించుకుంటే తప్ప.

ఇంకో లెక్క చూద్దాం. రోడ్డు యెంత వెడల్పు వుండాలో తేల్చడానికి ఇంజనీర్లు వాహనాలన్నిటినీ కార్ల కొలతలోకి మారుస్తారు. 1990లో వచ్చిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం కారు ఒకటి, మోటారు సైకిలు అర, బస్సు మూడు. అంటే అరవై మందిని మోసే బస్సు ముగ్గురో నలుగురో కూర్చున్న మూడు కార్లతో సమానం. ఆ లెక్క చెప్పేది రోడ్డు మీద యెంత చోటు ఆక్రమించిందనే కానీ, యెంతమందిని చేరవేసిందని కాదు. నడిచే మనిషికి ఆ పట్టికలో గడే లేదు. ఒక శాస్త్రం మనిషిని లెక్కించడం మరిచిపోయినప్పుడు ఆ మరుపు ఎవరి మీద పడుతుందో చూడడం మన పని. పనికి వెళ్లే ఆడవాళ్లు మగవాళ్ల కంటే నడక మీద, బస్సు మీద ఎక్కువగా ఆధారపడుతున్నారని 2011 జనాభా లెక్కలే చెప్పాయి. ఇంట్లో ఒక్క బండి వుంటే అది మగవాడిది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చాక ఆ బస్సుల అవసరం మరింత పెరిగింది. అయినా ఉచితమైన బస్సు కోసం నిలబడే చోటు మాత్రం ప్రాణానికి వెల అడుగుతోంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు.

ఉప్పల్‌కి ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం కొత్త కాదు. నెత్తిమీద నడిచే మెట్రో రైలు ఆ పద్ధతిలో కట్టిందే. దాని కథని ఒకసారి నెమరు వేసుకోవాలి. 2008లో మేటాస్ బృందం ప్రభుత్వం నుంచి గ్రాంటు అక్కర్లేదు, మేమే ఎదురు డబ్బు కడతామని వేలంలో గెలిచింది. ఇది రైలు కోసమా, భూముల కోసమా అని ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ ఆనాడే ప్రశ్నించారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డాక ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ సంస్థతో 35 ఏళ్లకు ఒప్పందం కుదిరింది. 2017 నవంబరులో నాగోలు నుంచి రైలు నడిచింది. నిజంగానే యెంతోమంది ఆడపిల్లలకు అది భద్రమైన ప్రయాణం ఇచ్చింది, కాదనం. కానీ నష్టాల పేరుతో 2025 మే నెలలో గరిష్ఠ చార్జీని 60 రూపాయల నుంచి 75కు పెంచి, విమర్శలు వచ్చాక పది శాతం తగ్గించారు. అదే ఏడాది సెప్టెంబరులో సంస్థ తప్పుకోవడానికి, సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పుని రాష్ట్ర ప్రభుత్వం తన మీద వేసుకోవడానికి అంగీకారం కుదిరింది. లాభం వస్తుందన్నప్పుడు భాగస్వామ్యం, రాకపోతే అప్పు అందరిదీ. ఆ అప్పు తీర్చే ఖజానాలో ఇళ్లల్లో పనిచేసే మనిషి సబ్బుబిళ్ల కొన్నప్పుడు కట్టిన పన్ను కూడా వుంది.

ఇంత చెప్పాక ‘ప్రభుత్వమే కట్టాలి, అంతా బాగుంటుంది’ అని ముగిస్తే అది ఆత్మవంచన. నారపల్లి దాకా ఆగిపోయిన స్తంభాలు ప్రభుత్వ సొమ్ముతో లేచినవే. గుత్తేదారు దివాలా తీస్తే కింది రోడ్డుని ఎవరు బాగుచెయ్యాలన్నది జనానికి తెలియలేదు. పై రోడ్డు పూర్తయినా సరే, దాని మీద ఆగని కార్లు వెళ్తాయి. కింద దిగాల్సినవాళ్లు, ఎక్కాల్సినవాళ్లు, అమ్ముకోవాల్సినవాళ్లు అక్కడే వుంటారు. అందుకని మన ప్రశ్న ప్రభుత్వమా, ప్రైవేటా అన్న దగ్గర ఆగకూడదు. ఒప్పందంలో రెండు సంతకాలున్నాయి. ఆ రోడ్డు మీద బతికేవాళ్ల మాట అందులో యెక్కడుంది?

చట్టాల్లో కొన్ని ఆసరాలు వున్నాయి, కొన్ని కంతలూ వున్నాయి. భాగస్వామ్య ప్రాజెక్టుకి భూమి తీసుకోవాలంటే ప్రభావిత కుటుంబాల్లో 70 శాతం సమ్మతి వుండాలనీ, ముందుగా సామాజిక ప్రభావ అంచనా జరగాలనీ 2013 భూసేకరణ చట్టం చెప్పింది. అయితే జాతీయ రహదారుల చట్టం కింద సేకరించే భూమికి ఈ రెండూ వర్తించవు. పరిహారం, పునరావాసం నిబంధనలు మాత్రం 2015 నుంచి వర్తిస్తున్నాయి. అదే 2013 చట్టం వితంతువుల్ని, విడాకులు తీసుకున్నవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలని వేరు కుటుంబాలుగా గుర్తించింది. భూమి లేకపోయినా మూడేళ్లుగా అక్కడ పనిచేసి బతికే అద్దెదారులు, కూలీలు కూడా ప్రభావిత కుటుంబాలే. రోడ్డు వెడల్పులో షట్టరు పోయినప్పుడు చెక్కు యజమాని పేరు మీద వస్తుంది. ఆ షట్టరులో కర్రీ పాయింటు నడిపి ఇద్దరు పిల్లల్ని చదివించుకునే ఆడమనిషి పేరు జాబితాలోకి ఎక్కాలంటే ఎవరో ఒకరు పట్టుబట్టాలి.

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం 30 రోజుల నోటీసు లేకుండా యెవరినీ ఖాళీ చేయించకూడదు. పట్టణ విక్రయ కమిటీల్లో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులుండాలి, వాళ్లలో మూడో వంతు స్త్రీలుండాలి. పాదచారులకు ఫుట్‌పాత్ వుండడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. 1985లో అదే కోర్టు జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనంది. ఈ రెండు తీర్పుల్నీ కలిపి చదవాలి. ఫుట్‌పాత్ పేరు చెప్పి పూలమ్మే మనిషిని తరిమేసి, ఆ ఖాళీలో కార్లు నిలుపుకోవడం నడిచేవాళ్ల హక్కు కాదు.

ఈ రహదారి మీద ముందు ముందు ఏ పని మొదలైనా, పాత పని పూర్తి చేసినా, అది టోల్ కంపెనీతో అయినా గుత్తేదారుతో అయినా, మనం అడగాల్సినవి ఇవి. ఒప్పందం పూర్తి పాఠం తెలుగులో ఉప్పల్, నాచారం, బోడుప్పల్ ప్రజలకి అందుబాటులో వుంచాలి. వాణిజ్య రహస్యమని చెప్పి దాచకూడదు, 2005 సమాచార హక్కు చట్టం వున్నది ఇందుకే. పైన స్తంభం లేవకముందే కింద సర్వీసు రోడ్డు, ఫుట్‌పాత్, లైట్లు, బస్సు షెల్టర్లు పూర్తి చెయ్యాలి. వాటికి వేరే గడువు, వేరే జరిమానా వుండాలి. ట్రాఫిక్ లెక్కించేటప్పుడు బస్సులో ఎంతమంది వున్నారో, ఎంతమంది ఏ చోట రోడ్డు దాటుతున్నారో, వాళ్లలో ఆడవాళ్లెందరో లెక్కించాలి. ఉప్పల్ కూడలిలో 2023లో తెరిచిన 660 మీటర్ల స్కైవాక్ మంచిదే, లిఫ్టులు పనిచేసినంత కాలం. కానీ బరువు నెత్తిన పెట్టుకున్న మనిషి కూడా నేల మీదే, సిగ్నల్ దగ్గర, భయం లేకుండా దాటే హక్కు వుండాలి. గుత్తేదారు చేతులెత్తేస్తే రోడ్డు నిర్వహణ ఎవరిదో ఒప్పందంలోనే రాసి వుండాలి.

ఇవి పెద్ద కోరికలు కావు. వేల కోట్ల లెక్కల ముందు ఒక షెల్టరు, నాలుగు లైట్లు, ఒక జీబ్రా గీత చిన్నవిగా కనిపిస్తాయి. అయితే రాత్రి షిఫ్టు వదిలాక నాచారం నుంచి హబ్సిగూడ కూడలి దాకా చీకట్లో నడిచే ఆడపిల్లకి ఆ నాలుగు లైట్లే తేడా. ఉద్యోగం చెయ్యాలా మానాలా అని ఆమె ఇంట్లో జరిగే చర్చ చాలాసార్లు ఆ లైట్ల దగ్గరే తేలిపోతుంది. పని హక్కు, చదువు హక్కు, ఆరోగ్య హక్కు అన్నీ ఒక రోడ్డు మీదుగానే ఇంటికి చేరాలి.

బస్తీ సంఘాలు, కార్మిక సంఘాలు, పొదుపు సంఘాలు, ఇళ్లల్లో పనిచేసేవారి సంఘాలు వార్డు సమావేశాలకి వెళ్లి ఈ ప్రశ్నలు వేయాలి. రోడ్డు ఇంజనీర్ల విషయం, మనకేం తెలుసు అని వెనక్కి తగ్గాల్సిన పనిలేదు. రోజూ రెండుసార్లు ప్రాణాలు అరచేత పెట్టుకుని ఆ రోడ్డు దాటేవాళ్ల కంటే దాని గురించి ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరున్నారు?