ఇంటి ముచ్చట్లు: మెరిసే బ్యాటా, మంచి బ్యాటా?

పోయిన వారం ఒక సోదరి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పన్నెండేళ్ల కొడుక్కి క్రికెట్టు బ్యాటు కొందామని భార్యాభర్తలు వాణ్ణి వెంటబెట్టుకుని బజారుకి వెళ్లారట. ఒక బ్యాటు అద్దంలా మెరుస్తోంది, ఒంటినిండా రంగురంగుల స్టిక్కర్లు. రెండోది ఏ రంగూ లేక పాలిపోయి ఉంది. వెల ఇంచుమించు ఒక్కటే. తండ్రి మెరిసేదాన్ని తీసుకుందామన్నారు. పిల్లవాడు రెండోదాన్ని పట్టుకుని వదల్లేదు. చివరికి ఏదీ కొనకుండా ముగ్గురూ మూతులు ముడుచుకుని ఇంటికొచ్చారు. "పై మెరుగు చూసి బ్యాటు ఎంచుకోవచ్చునా? ఉన్నమాట చెప్పండి" అని అడిగారావిడ.

ఈ శీర్షికకి చారుపొడి గురించీ, అత్తగారి గురించీ ఉత్తరాలు వస్తాయిగాని బ్యాటు గురించి రావటం ఇదే మొదలు. అయినా జవాబు చెప్పే అర్హత నాకుంది. ఈ విషయంలో నేనొకసారి డబ్బు తగలేసుకున్నాను మరి!

ఆరేళ్ల కిందటి మాట. మా రెండోవాడు చూపించిన బ్యాటుని కాదని, నిగనిగలాడే బ్యాటు ఒకటి నేనే ఏరి కొన్నాను. "నీకేం తెలుసు, ఊరుకో" అన్నాను కూడాను. మూడో వారానికే అది అడుగున చీలింది. చీలిక ఎందాకా పోయిందో చూద్దామని స్టిక్కరు ఊడదీస్తే, దాని కింద కర్రలో ఒక ముడి, ఆ ముడిలో కూరిన లప్పం! పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. వాడు నన్నొక్క మాట అనలేదు. టేపు చుట్టుకుని, "ఇంకా బాగానే ఉందమ్మా" అంటూ ఆటకి వెళ్లిపోయాడు. నాలుగు మాటలు అని ఉంటే నాకంత బాధ ఉండేది కాదు.

అప్పట్నుంచి తెలిసినవాళ్లనల్లా అడిగి కొంత తెలుసుకున్నాను. మంచి బ్యాట్లు విల్లో కర్రతో చేస్తారు. ఇంగ్లండు విల్లో వెల ఎక్కువ. కాస్త చవగ్గా కాశ్మీరు విల్లో ఉంది. అనంతనాగ్ జిల్లాలో బ్యాట్లు చేసే ఊళ్లే ఉన్నాయి. మీరట్, జలంధర్ కూడా ఈ పనికి పేరుపడ్డాయి. బాగా చవక రకాలకి పాప్లార్ కర్ర కూడా వాడతారు. దట్టంగా రంగు పూసేస్తే ఏది ఏదో మనబోటివాళ్లం పోల్చుకోలేం.

బంతి దూరం పోయేది కర్ర గుణంవల్ల, దాన్ని యంత్రంలో నొక్కిన తీరువల్ల, బరువు కుదిరిన తీరువల్ల. మెరుగువల్ల కాదు. అలాగని పై పూతలన్నీ మోసమనీ అనకూడదు. కొన్నిటికి ముఖాన పలచని పారదర్శకమైన పొర అంటిస్తారు. తడి తగలకుండా, త్వరగా గీసుకుపోకుండా అది కాపాడుతుంది. ఆట నిబంధనల ప్రకారం ఆ పొర మందం ఒక మిల్లీమీటరు దాటకూడదు. కర్ర కనిపించే పొర మంచిదే, కర్రని దాచేసే పూతతోనే పేచీ. చీర కొనేటప్పుడు అంచు చూసి మురిసిపోకుండా తిరగేసి నేత చూడమూ? ఇదీ అంతే.

మెరిసే బ్యాట్లకీ చరిత్ర ఉందండోయ్! 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుమీద మన తెలుగు కుటుంబంవాడు సి.కె. నాయుడు 153 పరుగులు కొడితే, మెచ్చుకుని వెండి బ్యాటు బహూకరించారు. అది బీరువాలో పెట్టుకునేందుకు. పరుగులు చేసింది మాత్రం కర్రబ్యాటే.

ఇక కొనే పద్ధతి. బ్యాటుని పిల్లవాడి పక్కన నిలబెడితే పిడి కొస తుంటి ఎత్తుకి రావాలి. ఎదిగే పిల్లాడు కదా అని పెద్దది కొనకండి, అది చొక్కా కాదు. కుడిచేతివాటం వాడైతే ఎడమచేత్తో మాత్రమే పిడి పైభాగం పట్టుకుని ఎత్తమనండి. మణికట్టు వాలిపోతే బరువన్నమాట. ముఖంమీద గీతలు పైనుంచి అడుగుదాకా తిన్నగా ఉన్నాయేమో చూడండి. చిన్న మచ్చకి బెంగపడకండి. అడుగున ముడిగాని బీటగాని ఉంటే మాత్రం వద్దు.

పూతలేని బ్యాటుతో తోలుబంతి ఆడాలంటే కొంత చాకిరీ ఉంది. పచ్చి అవిసెనూనె గుడ్డతో పలచగా ముఖానికీ, అంచులకీ, అడుగుకీ రాయాలి. పిడికీ, పిడి దిగిన చోటికీ తగలనివ్వకూడదు. పడుకోబెట్టి ఒక రాత్రి ఆరనివ్వాలి. ఇలా రెండు మూడుసార్లు చాలు. ఆవకాయలో పోసినట్టు పోస్తే బరువెక్కి చచ్చుబడుతుంది. తరవాత చెక్కసుత్తితో మెల్లగా మొదలెట్టి, రోజుకి కాసేపు చొప్పున కొన్ని గంటలు తట్టాలి. పొర అంటించిన బ్యాటుకి ముఖాన నూనె అక్కర్లేదుగాని, తట్టడం దానికీ తప్పదు.

కాబట్టి సోదరీ, ముగ్గురూ మళ్లీ ఆ దుకాణానికి వెళ్లండి. మీవాడు వదలని బ్యాటు ఈ పరీక్షలకి నిలిస్తే అదే కొనండి. నిలవకపోతే, ఎందుకు వద్దో వాడికి చూపించి చెప్పండి. "నీకేం తెలుసు" అని మాత్రం అనకండి.

మా రెండోవాడు ఈమధ్య తనే ఒక బ్యాటు కొనుక్కొచ్చాడు. పూతలేనిది. "గీతలు ఎంత తిన్నగా ఉన్నాయో చూడమ్మా" అని నా చేతికిచ్చాడు. నేనేమీ మాట్లాడకుండా వెళ్లి నూనెసీసా, పాతగుడ్డ తెచ్చాను.